వేసవిలో ఇంటికి నీడ

ముండ్లమూరు, దర్శి, తాళ్ళూరు ప్రాంతములలో ఉగాది వెళ్ళినది మొదలు రైతు తన పనివేళలను ఎండనుబట్టి మార్చుకొనును. చీకటితో పొలము పోయి పది గంటలకు ఇల్లు చేరును. ఎండ తగ్గిన తరువాత గాని మరల చేనివైపు చూడడు. ఇది తరతరముల అనుభవము నేర్పిన తెలివి. అయితే ఎండకు వెరచి మనిషి ఇల్లు చేరునప్పటికి ఆ ఇల్లే కాగి ఉన్నచో ఏమి చేయవలెను?

ఆమధ్య ఒక వేసవిలో ఈ ప్రాంతపు ఊరిలో ఒక పెద్దరైతు ఇంటికి పోయితిని. ఆయన రాత్రి తొమ్మిది గంటలకు కూడ వీధిలో మంచము వేసికొని కూర్చుండెను. కారణమడుగగా, "డాబా కట్టామన్న పేరే గానీ, రాత్రి పదకొండు దాటితేగాని లోపల పడుకోలేం సారూ. మా నాయన పూరింట్లో మధ్యాహ్నం కూడా హాయిగా కునుకు తీసేవాడు" అనెను. ఇల్లు కట్టునపుడు పడమటి పక్క వేపచెట్టు అడ్డమని కొట్టించితిమని కూడ ఆయనే చెప్పెను. ఇటుక, సిమెంటు, ఇనుము కొన్నారు; ఉన్న నీడను పోగొట్టుకొన్నారు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు.

ఈ విషయమును తేలికగా తీసికొనరాదు. 2015 మే నెల చివరి భాగమున వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ప్రకాశం జిల్లా నాడు మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. పగలు ఎండలో కష్టపడిన శరీరమునకు రాత్రి చల్లదనము దొరకినచో అది తిరిగి కోలుకొనును. రాత్రి కూడ ఇల్లు ఉడికినచో మరుసటి నాటి ఎండకు తట్టుకొను శక్తి తగ్గును. ముసలివారు, పసిపిల్లలు, గర్భిణులు, మంచము పట్టినవారు, పొయ్యి దగ్గర పనిచేయు స్త్రీలు ముందుగా బాధపడుదురు. కనుక ఇంటికి నీడ కల్పించుట సుఖము కొరకు మాత్రమే కాదు, ఆరోగ్య రక్షణ కొరకు కూడ.

ఈ వ్యాసములో చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. ఎండను అది ఇంటి పైకప్పును, గోడను తాకకముందే ఆపవలెను. తాకిన తరువాత చేయు ప్రయత్నములన్నియు ఖర్చు ఎక్కువ, ఫలితము తక్కువ.

పైకప్పు మీద పడు ఎండ ఎంత?

నిర్మలమైన వేసవి మధ్యాహ్నమున ఒక చదరపు మీటరు చోటుపై పడు ఎండలో సుమారు 1000 వాట్ల శక్తి ఉండును. మీ డాబా 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గలదనుకొందము. అది 600 చదరపు అడుగులు, అనగా సుమారు 55 చదరపు మీటర్లు. వేయి వాట్ల నీళ్ళ హీటర్లు 55 తెచ్చి, వరుసగా మిద్దెపై పేర్చి, అన్నిటిని ఒక్కసారి వెలిగించినచో ఎంత వేడి వచ్చునో మిట్టమధ్యాహ్నము మీ ఇంటి కప్పుపై అంత వేడి పడుచున్నది. ఇందులో కొంత భాగము ఆకాశమునకు తిరిగిపోవును. కొంత గాలి కొనిపోవును. మిగిలినది స్లాబులోనికి దిగును. స్లాబు నల్లబడి, పాచిపట్టి ఉన్నచో దిగు భాగము మరింత ఎక్కువ.

తూర్పు గోడపై ఉదయమంతయు పడు ఎండ గాని, పడమటి గోడపై సాయంకాలమంతయు పడు ఎండ గాని, ఒక్కొక్క చదరపు అడుగు లెక్కన, పైకప్పు మీద దినమంతయు పడుదానిలో సుమారు సగమే. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే చాలునన్నచో అది పైకప్పునకు పెట్టవలెను.

రాత్రి ఇల్లు ఏల ఉడుకును?

మన ప్రాంతమున పొగాకు పండించు రైతులకు బ్యారన్ సంగతి చెప్పనక్కరలేదు. గొట్టముల ద్వారా లోనికి పంపిన వేడిని గోడలు, కప్పు ఎట్లు నిలిపి ఉంచునో వారికి తెలియును. వేసవిలో డాబా ఇల్లు కూడ అటువంటిదే. బ్యారన్‌కు వేడి లోపలినుండి పెట్టుదుము. ఇంటికి సూర్యుడు వెలుపలినుండి పెట్టును. భేదము అంతమాత్రమే.

ఇటుక, రాయి, కాంక్రీటు వేడిని వెంటనే లోనికి వదలవు. ముందు తాము త్రాగి, తరువాత మెల్లగా వదలును. తొమ్మిది అంగుళముల ఇటుక గోడను వేడి దాటి లోపలికి వచ్చుటకు ఆరేడు గంటలు పట్టును. మధ్యాహ్నము మూడు, నాలుగు గంటలకు పడమటి గోడపై పడిన ఎండ రాత్రి తొమ్మిది, పది గంటలకు మీ మంచము దగ్గరకు వచ్చుననుట ఇందువలననే. స్లాబు పలుచన కనుక దాని వేడి కొన్ని గంటలలోనే దిగుట మొదలుపెట్టి ప్రొద్దుపోవువరకు సాగును. తూర్పు గోడ కూడ ఎండకు కాగును గాని, దాని వేడి లోనికి దిగునప్పటికి మనము చాలవరకు మెలకువగా, ఇటునటు తిరుగుచు ఉందుము. పడమటి గోడ వేడి నిద్రవేళకు సరిగా అందును. అందుచేత గోడలలో పడమటి గోడకు మొదటి స్థానము ఇవ్వవలెను.

రేకుల ఇంటిది వేరొక రకపు బాధ. రేకు వేడిని దాచుకొనదు. ఎండ పడిన కొద్ది నిమిషములలోనే కాగి, ఆ సెగను సూటిగా తలపై కురిపించును. ప్రొద్దుగూకిన తరువాత త్వరగా చల్లారును. పగలు ముసలివారిని, పిల్లలను నీడ లేని రేకుల గదిలో ఉంచుట మంచిది కాదు.

పూరిల్లు చల్లగా ఉండుటకు కారణము ఇప్పుడు స్పష్టమగును. తాటాకు కప్పు దళసరిగా ఉండి, పొరల నడుమ గాలి నిలుపుకొని, వేడిని లోనికి రానీయదు. చూరు క్రిందికి వ్రాలి గోడలకు గొడుగు పట్టును. అగ్నిభయము, వానకారు, ఏటేట కప్పించు ఖర్చు చూచి మనము పూరిండ్లను వదలితిమి. అది తప్పు కాదు. కాని దాని నీడను కూడ వదలుకొనవలసిన పనిలేదు.

సూర్యుని నడక తెలిసికొనవలెను

ముండ్లమూరు ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 16 డిగ్రీల దూరమున ఉన్నది. అందువలన మే నెల 5వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము పన్నెండు దాటిన కొద్ది నిమిషములకు, సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. ఆనాడు నిలువుగా పాతిన గుంజకు నీడ కనబడదు. అప్పటినుండి ఆగస్టు 8వ తేదీ ప్రాంతము వరకు సూర్యుడు మనకు కొంచెము ఉత్తరముగానే నడచును.

దీనినిబట్టి రెండు సంగతులు గ్రహింపవలెను. ఒకటి, రోహిణి కార్తెలో దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలనే తగలదు. మార్చి, ఏప్రిల్ నెలలలో తగిలినను అది మీదినుండి పడును గనుక రెండడుగుల సన్‌షేడు చాలును. దక్షిణమునకు పెద్ద పందిరి వేసి డబ్బు వ్యయపరచనక్కరలేదు. పైగా చలికాలమున దక్షిణపు ఎండ ఇంటికి హితము.

రెండవది, పడమటి గోడకు సన్‌షేడు నమ్మరాదు. మే నెలలో సాయంకాలము నాలుగు గంటలకు సూర్యుడు వాలియుండును. అప్పుడు మూడడుగుల సన్‌షేడు దాని క్రింద సుమారు రెండడుగుల గోడకే నీడనిచ్చును. ఐదు గంటలకు ఒక అడుగు కంటె కొంచెము ఎక్కువ. మిగిలిన గోడ అంతయు ఎండలోనే ఉండును. ఏటవాలుగా వచ్చు ఎండకు అడ్డముగా నిలువు తెర కావలెను. తడిక గాని, తీగపందిరి గాని, చెట్టు గాని ఆ పనిచేయును.

నీడ వెలుపల ఉండవలెను

నేను మొదట అద్దెకున్న ఇంటిలో పడమటివైపు పెద్ద కిటికీ ఉండెను. దానికి లోపల దళసరి తెర కట్టి, పని ముగిసినదనుకొంటిని. గదిలో వెలుతురు తగ్గెను గాని వేడి తగ్గలేదు. ఒకనాడు తెరను తాకి చూడగా అదియే కాలుచుండెను. ఎండ అప్పటికే అద్దము దాటి గదిలోనికి వచ్చినది. తెర దానిని పీల్చి, ఆ వేడిని గదికే పంచుచున్నది. మరునాడు ఒక పాత తడికను కిటికీకి వెలుపల జానెడు దూరమున వ్రేలాడగట్టితిని. తడిక కాగినను, ఆ వేడిని బయటి గాలి కొనిపోయెను. గదిలో భేదము ఆ సాయంకాలమే తెలిసెను. చెప్పవలసిన పాఠములు నాకు తెలియును గాని, ఇంటిలో ఆచరించుటకు ఒక వేసవి పట్టినది.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. తడికను గోడకు ఆనించి కట్టరాదు. కనీసము జానెడు, వీలైనచో మూరెడు ఎడము ఉండవలెను. ఆ ఎడములో కాగిన గాలి పైకి పోయి, క్రిందినుండి వేరొక గాలి వచ్చును. ఆనించి కట్టినచో తడిక వేడి గోడకే ఎక్కును.

పైకప్పునకు ఏమి చేయవలెను?

మొదట సున్నము. ఫిబ్రవరి చివర గాని, మార్చి మొదట గాని డాబాను శుభ్రముగా ఊడ్చి, కడిగి, గట్టి తెల్లసున్నము రెండు పూతలు వేయవలెను. ఇది నీడ కాకపోయినను నీడకు తోబుట్టువు. తెల్లని కప్పు ఎండలో ఎక్కువ భాగమును వచ్చిన దారినే త్రిప్పి పంపును. వానలకు పూత పోవును గనుక ప్రతి వేసవికి ముందు వేయవలసియుండును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, భవనములకు ఇట్టి ఎండను మరల్చు కప్పులను ప్రోత్సహించుటకు పూనుకొన్నది. మన పల్లెలలో సున్నపు బట్టీ ఎరుగనివారు లేరు. ఈ పని మనకు కొత్త కాదు.

రెండవది చలువపందిరి. శ్రీరామనవమికి గుడి ముందు వేయు పందిరినే కొంచెము చిన్నదిగా డాబాపై వేసికొనవచ్చును. సుబాబుల్ గాని, జామాయిల్ గాని గుంజలు నిలిపి, వెదుళ్ళు అడ్డము కట్టి, తాటాకు లేక కొబ్బరాకు పరచవలెను. ఆకు దొరకనిచోట నారుమళ్ళకు వాడు షేడ్‌నెట్టు కట్టవచ్చును. నూటికి 75 పాళ్ళు నీడనిచ్చు రకము తగినది. పందిరికి, స్లాబునకు నడుమ రెండు మూడడుగుల ఖాళీ ఉంచి, గాలి ధారాళముగా పోనీయవలెను. పడమటి అంచున పందిరిని ఇంటి గోడ దాటి మరి రెండు మూడడుగులు ముందుకు పొడిగించినచో వాలు ఎండ పందిరి క్రిందికి దూరదు. గోడ పైభాగమునకు కూడ నీడ కలుగును.

ఇల్లంతటికి వేయలేనివారు పడకగది మీది భాగమునకు మాత్రమే వేసికొనవచ్చును. పదిమంది తిరుగు వసారా కంటె ముసలివారు పడుకొను గదికి నీడ ముఖ్యము.

సూర్యవిద్యుత్తు పలకలు పెట్టించుకొను ఉద్దేశము గలవారు వానిని స్టాండులపై ఎత్తుగా నిలిపించవలెను. పలకల క్రింది స్లాబు ఎండ ఎరుగదు. కరెంటు, నీడ రెండును ఒకే ఖర్చుతో లభించును.

రేకుల ఇంటివారు రేకుల క్రింద తాటాకు చాపలతో గాని, వెదురు తడికలతో గాని అటక కట్టి, రేకునకు అటకకు మధ్య గాలి పోవుటకు రెండు పక్కల సందులు ఉంచవలెను. సిమెంటు రేకుల పైకెక్కి నడచుట ప్రాణాపాయము. అవి హఠాత్తుగా పగులును. వానికి రంధ్రములు చేయుట, కోయుట కూడ తగదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును.

పడమటి గోడకు తడిక

ఇందుకు మన చేలలోనే వస్తువు ఉన్నది. సంక్రాంతి వెళ్ళునప్పటికి కందికోత ముగిసి, కంప ఇంటికి చేరును. పొయ్యిలోనికి పోవు ఆ కంపలో నిటారైన పుల్లలు ఏరి, వెదురుబద్దల నడుమ బిగించి అల్లినచో రెండు మూడేండ్లు నిలుచు తడిక సిద్ధమగును. జొన్నచొప్ప, సజ్జచొప్ప తడికలు ఒక వేసవికి చాలును. గోనెపట్టలు రెండు పొరలుగా కుట్టి వ్రేలాడదీయుట అన్నిటికంటె తేలిక.

పత్తికంపను మాత్రము ఇందుకు వాడవలదు. గులాబిరంగు పురుగు పత్తిమోళ్ళలో, ఎండిన కాయలలో దాగియుండి మరుసటి పంటపై పడును. పత్తికంపను ఇంటివద్ద నిలువ ఉంచరాదని మేము చేలలో చెప్పు మాట ఇంటి తడికకు కూడ వర్తించును.

నీటికి కొరత లేనిచోట మధ్యాహ్నము తడికపై కొంచెము నీరు చిలుకరించవచ్చును. వట్టివేళ్ళ తడికల గుట్టు ఇదే. మన వేసవిగాలి పొడిగా ఉండును గనుక నీరు త్వరగా ఆరి, ఆరునపుడు వేడిని తీసికొనిపోవును. కాని త్రాగునీటికే ట్యాంకరు కొరకు ఎదురుచూచు ఊళ్ళలో ఇట్టి సలహా ఇచ్చుట న్యాయము కాదు. పొడి తడిక కూడ నీడనిచ్చును. నీడయే మనకు కావలసినది.

కొత్తగా ఇల్లు కట్టువారు పడమటివైపు కొట్టుగదిని, స్నానపుగదిని, మెట్లను ఉంచుకొన్నచో అవియే పడకగదికి కవచమగును.

తీగపందిరి

చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. తీగ మూడు నెలలలో అల్లుకొనును. జనవరి చివరి వారమున పడమటి గోడకు రెండు మూడడుగుల ఎడముగా పాదులు తీసి, బాగుగా చివికిన పశువుల ఎరువు వేసి, సొర, బీర, కాకర గింజలు నాటవలెను. గుంజలకు త్రాళ్ళతో గాని, పాత వలతో గాని నిలువు పందిరి కట్టినచో ఏప్రిల్ నాటికి తీగ గోడంత ఎత్తున పచ్చని తెర కట్టును. కూర కూడ చేతికి వచ్చును. స్నానముచేసిన నీటిని చిన్న కాలువ ద్వారా పాదులకు మరలించవచ్చును. ఆ నీరు ఒకేచోట నిలిచి దోమలు పెరుగకుండ పాదులను మార్చి మార్చి పెట్టవలెను.

రేకు నీడకు, ఆకు నీడకు భేదము కలదు. రేకు ఎండను ఆపును గాని తాను కాగి క్రిందివారిపై సెగ చిమ్మును. ఆకు తనలోని నీటిని ఆవిరిగా విడిచి తనను తాను చల్లబరచుకొనును. అందుకే రేకుల షెడ్డు క్రింద కూర్చున్నవాడు విసనకఱ్ఱ వెదకును. వేపచెట్టు క్రింద కూర్చున్నవాడు నిద్రపోవును.

చెట్లు

ఇంటి నీడకు మన నేలలో వేపకు సాటి లేదు. అది మాఘ, ఫాల్గుణములలో ఆకు రాల్చి, ఉగాదినాటికి చిగురించి పూయును. అనగా ఎండ ముదురునప్పటికి గొడుగు విప్పును. కానుగ కూడ మంచిదే. దాని నీడ ఇంకను చిక్కన. వెంటనే నీడ కావలెనన్నచో మునగ వేయవచ్చును. ఏడాదిలో ఇంటియెత్తు పెరుగును గాని దాని నీడ పలుచన, కొమ్మ పెళుసు.

వేపగింజకు మొలకెత్తు శక్తి ఎక్కువకాలము నిలువదు. జూన్, జూలై నెలలలో రాలిన పండ్లనుండి గింజ తీసి, రెండు వారములలోపుగా సంచులలో నాటవలెను. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గోతిలో ఎరువు, మట్టి నింపి, వానలు పడిన తరువాత మొక్క పెట్టవలెను. మొదటి రెండు వేసవులు నీరు పోసి, మేకలనుండి కాపాడినచో నాలుగైదేండ్లలో పడమటి గోడకు నీడ అందును.

ఎంత దూరమున నాటవలెను? ఇరువది అడుగుల ఎత్తు చెట్టు నీడ మే నెలలో సాయంకాలము నాలుగు గంటలకు సుమారు ముప్పది అడుగుల దూరము పడును. కనుక పడమటి గోడకు పదిహేను అడుగుల దూరమున నాటినను నీడ గోడను చేరును. నల్లరేగడి నేలలలో ఇంకను కొంత దూరము జరుపవలెను. చెట్టువేళ్ళు తేమ పీల్చినచోట రేగడి కుంచించుకొని గోడలు బీటలు వారవచ్చును. మర్రి, రావి ఇంటి దగ్గర పనికిరావు. వాని వేళ్ళు గోడలను చీల్చును. కరెంటు తీగల క్రింద ఏ చెట్టును నాటరాదు.

2021లో తెలుగు జిల్లాలలో వేపచెట్లకు కొమ్మలు చివరలనుండి ఎండు తెగులు వచ్చి, అనేకులు చెట్టు చచ్చినదని భయపడిరి. చాల చెట్లు తరువాత తిరిగి చిగిర్చినవి. అట్లు ఎండిన వేపను తొందరపడి నరుకవద్దు. ఎండిన కొమ్మలను కత్తిరించి, ఒక ఏడాది వేచి చూడవలెను. పెరుగుటకు పదేండ్లు పట్టిన నీడను పోగొట్టుకొనుటకు ఒక్క పూట చాలును.

మీరే పరీక్షించుకొనవచ్చును

నా మాటపై నమ్మకముతో మాత్రమే ఖర్చు చేయవలదు. డాబాపై ఒక మూల నాలుగు మంచముల చోటునకు పైన ఒక తడికను గాని, గోనెపట్టలను గాని రెండడుగుల ఎత్తున కట్టి, రెండు దినములు ఉంచవలెను. రెండవనాటి రాత్రి ఎనిమిది గంటలకు బల్లపై నిలబడి, నీడ ఉన్న భాగము క్రిందను, లేని భాగము క్రిందను స్లాబునకు అరచేయి ఆనించి చూడవలెను. అట్లే పడమటి గోడకును, దక్షిణపు గోడకును లోపలివైపు చేయి ఆనించి చూడవలెను. మీ చేయి చెప్పు సాక్ష్యము చాలును.

జాగ్రత్తలు

తాటాకు పందిరికి నిప్పు శత్రువు. వంట పొయ్యికి, కరెంటు తీగకు, గడ్డివామికి దూరముగా వేయవలెను. దగ్గర నీటితొట్టి గాని, ఇసుక గాని సిద్ధముగా ఉంచవలెను. వానలు మొదలైన తరువాత ఎండిన ఆకు తీసివేయవలెను.

మే నెలలో సాయంకాలము హఠాత్తుగా గాలివాన వచ్చును. గుంజలను గట్టిగా బిగించవలెను. పలుచని పిట్టగోడకు కట్టి నమ్మరాదు. షేడ్‌నెట్టు ముడులు త్వరగా విప్పుటకు వీలుగా ఉండవలెను.

చల్లదనము కొరకు కప్పుపై మట్టి గుట్టలు పోయుట, రాళ్ళు పేర్చుట తగదు. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలములలో భూమి స్వల్పముగా కంపించి ప్రజలు ఇండ్ల వెలుపలికి పరుగిడిన సంగతి మనకందరకు గుర్తున్నది. తలపై బరువు పెంచుకొనుట ఇంటికి క్షేమము కాదు. నీడ తేలికది, దానినే నమ్ముకొనవలెను.

పగలు బయటిగాలి లోపలికంటె వేడిగా ఉన్నంతవరకు తలుపులు, కిటికీలు మూసియుంచి, ప్రొద్దుగూకి గాలి చల్లబడిన వెంటనే అన్నియు తెరువవలెను. నీడ వేడిని రానీయదు. రాత్రిగాలి వచ్చిన వేడిని తీసికొనిపోవును. రెండును కలసియే పనిచేయును.

ఎంత నీడ ఉన్నను వడదెబ్బ తగిలినవారికి నీడ ఒక్కటి చాలదు. ఒళ్ళు కాలుచు, మాట తడబడుచు, స్పృహ తప్పుచున్నచో వెంటనే 108కి ఫోనుచేసి, బండి వచ్చువరకు మనిషిని నీడలో పడుకోబెట్టి, ఒంటిపై నీరు పోసి విసరవలెను. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

ఏ నెలలో ఏ పని

జూలై, ఆగస్టు: పడమట వేప, కానుగ మొక్కలు నాటుట.
జనవరి: కందికంప ఏరి తడికలు అల్లుట, నెల చివర సొర, బీర, కాకర గింజలు పెట్టుట.
ఫిబ్రవరి చివర: డాబా కడిగి సున్నము వేయుట.
మార్చి: పైకప్పునకు పందిరి, పడమటి గోడకు తడిక కట్టుట.
జూన్: వానలకు ముందు నెట్టు విప్పి భద్రపరచుట, వేపగింజలు ఏరుట.

మొక్కల విషయములో, తెగుళ్ళ విషయములో సందేహములున్నచో దర్శి కృషి విజ్ఞాన కేంద్రమువారిని గాని, మీ గ్రామ రైతు సేవా కేంద్రమువారిని గాని అడిగి తెలిసికొనవచ్చును.

మనము నారుమడికి నీడ కట్టుదుము. తమలపాకు తోటకు అవిసె నీడ పెంచుదుము. ఎండలో కట్టివేసిన గేదెను చెట్టుక్రిందికి మార్చుదుము. మొక్కకు, పశువుకు నీడ అవసరమని ఎరిగిన రైతు తాను నిదురించు ఇంటికి కూడ నీడ అవసరమని గుర్తించవలెను. మొదట పైకప్పు, తరువాత పడమటి గోడ, రెంటికిని వెలుపలినుండి నీడ. ఈ వరుస తప్పకుండ పాటించినచో, వచ్చు రోహిణి కార్తెలో మీ ఇంటి పెద్దలు వీధిలో మంచము వేసికొని పదకొండు గంటలకొరకు వేచియుండవలసిన అవసరము చాలవరకు తప్పును.